బాబు తరపున ఒట్టు

డొంకలరేవు గంగమ్మ గుడి మెట్టు మీద తమలపాకులో కర్పూరం బిళ్ళ వెలుగుతోంది. మధ్యాహ్నం మూడయింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు పని ఆపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ప్లీడరు గుమస్తా తిరుమలరావు చెప్పులు విడిచి, సంచీ భుజం మీంచి దించకుండానే ఆ కర్పూరాన్ని చూస్తున్నాడు. ఆ రేవులో కర్పూరం చేత్తో ఆర్పితే ఒట్టు వేసినట్టే.

"ఆలోసన దేనికి? గాలి పెరిగితే అదే ఆరిపోతాది. అప్పుడు మళ్ళీ ఎలిగించాల" అన్నాడు ఊరిపెద్ద పైడిరాజు.

తిరుమలరావు వచ్చిన పని వేరు. అతని ప్లీడరు మురళీమోహన్ ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్నాడు. పోలింగు ఇంకా ఐదు రోజులుంది. ఈ రేవులో ప్రచారానికి రావాలంటే ముందు పెద్ద చెవిన వెయ్యాలి. పెద్ద ఊఁ అంటే పదమూడు వందల ఓట్లూ ఒకే గుర్తు మీద పడతాయి. ఉఁహూ అంటే ఒక్కటీ పడదు. అక్కడ అది కొత్త సంగతి కాదు. కిందటిసారి మురళీమోహన్ ఓడింది ఎనిమిది వందల పన్నెండు ఓట్ల తేడాతో.

"మీ బాబు మంచోడే. కాదనను" అన్నాడు పైడిరాజు. "కానీ రేపు కోర్టులో ఆ సేపలమ్ముకునే పెద్దతల్లి సేత మామీద వాంగ్మూలం ఇప్పిత్తాడంట కదా. ఇలాగైతే ఓటెలాగేత్తాం?"

"అది కేసు, పెద్దా. ఎన్నికలు వేరు."

"మాకు రెండూ ఒకటే. కేసు నడపనని మాట ఇమ్మను. ఊరు ఊరంతా మీదే."

"బాబుతో మాట్లాడి చెప్తాను."

"సెప్పి ఏటి సేత్తావు? ఆయన ఒట్టెయ్యడు. అసెంబ్లీలోనే దేవుడి పేరు ఎత్తనోడు మా తల్లి ముందు ఎత్తుతాడేటి? నువ్వెయ్యి. ఇరవయ్యేడేళ్ళ నుంచి ఆయన సంతకాల కాగితాలు నీ సంచిలోనే తిరుగుతున్నాయి. నీ సెయ్యేటి, ఆయన సెయ్యేటి!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తిరుమలరావూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి వెలిలో ఉన్న పెద్దతల్లి గతి?"

"కేసు పోయిన రోజునే ఎలి తీసేత్తాం. ఎలేసింది నానే కదా! ఇదే మెట్టు మీద నిలబడి నోటితో ఏసినాను. దాని పడవ ఎవడూ తొయ్యొద్దు, దాంతో ఎవడూ మాటాడొద్దు, దాన్ని ఆటో ఎక్కించుకోవొద్దు అన్నాను. ఆ నోటితోనే తీత్తాను. అందరికీ మంచిదే."

నిజమే, అందరికీ మంచిదే అనిపించింది తిరుమలరావుకి. ఆమె పడవ సముద్రంలోకి వెళ్తుంది. బాబు గెలుస్తాడు. ఇందులో చెడిపోయేవాళ్ళు ఎవరు? అమ్మవారి వైపు చూశాడు. పసుపు రాసిన ముఖం, వెండి కళ్ళు. 

"పెద్దతల్లి కేసు మా బాబు నడపడు. రేపు ఆమె మాట కోర్టులో రాయించడు. బాబు తరపున ఒట్టు" అని కర్పూరం మీద అరచెయ్యి మోపి ఆర్పేశాడు.

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో కొబ్బరినీళ్ళు తెచ్చి ఇచ్చారు. తిరుమలరావు రెండు గుక్కలు తాగి స్కూటరు తీశాడు.

*

పలాస తిరిగివెళ్ళే దారంతా జీడితోటలే. స్కూటరు మీద వస్తూ తిరుమలరావు తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. దారి సగం అయ్యేసరికి ఆ సర్దిచెప్పుకోవడం అయిపోయింది, భయం మిగిలింది.

మురళీమోహన్ టెక్కలిలో జూనియరుగా ఉన్నప్పటి నుంచీ అతనికి తెలుసు. జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబడ్డ ఆడవాళ్ళ కేసులతో మొదలైంది ఆయన ప్రాక్టీసు. పలాసలో ఊరేగింపు దర్గా ముందు నుంచి వెళ్ళాలా వద్దా అని రెండు పక్షాలూ కర్రలు పట్టుకున్న రోజున, రోడ్డు మధ్యలో కుర్చీ వేసుకుని పొద్దుపోయేదాకా కూచున్నాడు. కర్రలు లేవలేదు కానీ రెండు పక్షాల వాళ్ళూ ఆ తరవాత ఆయనకి ఓటు వెయ్యలేదు. ఒక్కసారి గెలిచాడు. అసెంబ్లీలో దేవుని సాక్షిగా అనకుండా, మనస్సాక్షిగా అని ప్రమాణం చేశాడు. మర్నాటికే "దేవుడు లేని ఎమ్మెల్యే" అని కరపత్రాలు పంచారు. ఉద్దానంలో మంచినీళ్ళ కోసం ఆయన వేసిన అర్జీలు ఎవరికీ గుర్తులేవు. ఆ కరపత్రం మాత్రం అందరికీ గుర్తుంది. రెండుసార్లు ఓడాడు. ఇప్పుడు అరవై ఒకటి దాటాయి. ఇదే ఆఖరని ఆయనే చెప్పాడు.

తిరుమలరావు మాత్రం తెల్లవారి దీపం పెట్టనిదే కాఫీ ముట్టడు. శనివారం ఒంటిపూట. ఆఫీసులో అతని బల్ల మీద వెంకటేశ్వరస్వామి పటం ఉంది. మురళీమోహన్ ఎప్పుడైనా ఆ పటం పక్క నుంచి ఫైలు తీసుకోవాలంటే, కాస్త జరిపి, తీసుకుని, మళ్ళీ ఉన్న చోటే సర్దిపెడతాడు. ఇన్నేళ్ళలో ఒక్కమాట అనలేదు. నమ్మకం లేని మనిషి నమ్మకాన్ని అంత జాగ్రత్తగా ఎందుకు సర్దిపెడతాడో తిరుమలరావుకి అర్థమయ్యేది కాదు.

అలాంటి మనిషి తరపున తాను ఒట్టు పెట్టేశాడు.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, భార్య కాంతంతో చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది.

"మీరు అమ్మవారికి మాటిచ్చారా, పైడిరాజుకి మాటిచ్చారా?"

"అమ్మవారి ముందే కదా పెట్టింది."

"అమ్మవారు అడిగిందేటి?"

"అలాగ మాట్లాడకు. కళ్ళు పోతాయి."

"నావి పోతే పోనీండి. ఆ పెద్దతల్లి కూడా ఇదే అంది కదా, ఎలేశారు" అని కాంతం మళ్ళీ బియ్యంలోకి వంగింది.

పెద్దతల్లి అన్నది మాత్రం మరోలా ఉంది. నాలుగు నెలల కిందట పైడిరాజు తమ్ముడి పడవ ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకి చేపలవేటకి పోయి అప్పుడే తిరిగొచ్చిన పెద్దతల్లి కొడుకు బైరాగి మీద అనుమానం వచ్చింది. తల్లీకొడుకుల్ని కర్పూరం ఆర్పి, ఇంజను తాము తీయలేదని చెప్పమన్నారు. "ఆర్పుతాం. దానికేటి? ముందు పెద్దలు ఆర్పండి. ఇంజను పోయిన పొద్దు ఒడ్డున ఉన్నది మీరూ కదా" అంది ఆ విధవరాలు. పెద్దల్ని ఒట్టెయ్యమన్న ఆడది ఆ రేవులో అంతకు ముందు లేదు. వెలి వేశారు. బైరాగి మళ్ళీ వెరావల్ వెళ్ళిపోయాడు. పదిమంది చేతులు పడితే గానీ అలల్లోకి దిగని పడవ ఇసకలో ఉండిపోయింది. పెద్దతల్లి భావనపాడు పోయి చేపలు కొనుక్కొచ్చి పలాస వీధుల్లో అమ్ముకుంటోంది.

*

మర్నాడు పదింటికి ముందే తిరుమలరావు కోర్టు వరండాలో ఉన్నాడు. ప్లీడరుకి అత్యవసరం వచ్చినప్పుడు వాయిదా అడగడానికని ఆయన సంతకం చేసిన ఖాళీ కాగితాలు రెండు మూడు అతని సంచిలో ఎప్పుడూ ఉంటాయి. అన్ని ఆఫీసుల్లోనూ అంతే. అందులో ఒకటి తీసి, బెంచీ మీద పెట్టుకుని రాశాడు. ఫిర్యాది తరపు న్యాయవాది ఎన్నికల పనిలో ఉన్నందున ఆరు వారాల వాయిదా కోరడమైనది. చక్కని అక్షరాలు. చదివితే ఎక్కడా తప్పు లేదు.

ఎదురుగా వేపచెట్టు కింద పైడిరాజు, మరో నలుగురు పెద్దలు నిలబడి ఉన్నారు. పైడిరాజు అతన్ని చూసి తల ఊపాడు, చుట్టాన్ని పలకరించినట్టు.

పెద్దతల్లి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము. రేవు ఆటోలు ఎక్కించుకోవు గనుక మెయిన్ రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుకుంది. ఖాళీ చేపలబుట్ట తిరుమలరావు కాళ్ళ దగ్గర పెట్టింది.

"తిరుమలబాబూ, ఆ జడ్జమ్మ సేపలు తింటాదా?"

"ఎందుకు?"

"తింటే నా గొంతు గుర్తుపడతాదనీసి. పలాసలో నా గొంతు ఇనని ఈధి లేదు."

తిరుమలరావు కాగితాన్ని ఫైలు కిందకి తోశాడు.

"నానేటి సెప్పాల? మళ్ళీ ఓసారి సెప్పు బాబూ."

"జరిగింది చెప్పు. అంతే."

"జరిగింది సెప్తే సాలేటి? ఎలేసినామని వాళ్ళు ఒప్పుకోరు కదా. అదే మాటాడ్డం మానేసింది, ఊరికేటి సమ్మందం అంటారు. నా పక్కన ఒక్క సాచ్చీ లేడు. ఆ ఊళ్ళో ఎవుడొత్తాడు నా కోసం?"

 నానే ఏసినాను, ఇదే మెట్టు మీద నిలబడి ఏసినాను. పైడిరాజు మాట చెవిలో గింగురుమంది. సాక్షి లేడని వాపోతున్న మనిషి ముందు సాక్షి కూచుని వాయిదా కాగితం మీద సిరా ఆరబెట్టుకుంటున్నాడు.

పదిన్నరకి మురళీమోహన్ కారు వచ్చింది. మందస వైపు ప్రచారం నుంచి తిన్నగా వచ్చాడు. చొక్కా నిండా బంతిపూల మరకలు. కోటు తొడుక్కుంటూ, "మనది ఎన్నో నంబరు తిరుమలా?" అన్నాడు.

"పదకొండు బాబూ."

"ఏమిటలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?"

తిరుమలరావు ఆయన్ని వరండా చివరికి తీసుకెళ్ళాడు. కాగితం చేతిలో పెట్టాడు. గుడి, కర్పూరం, పదమూడు వందల ఓట్లు, అన్నీ చెప్పేశాడు. పైడిరాజు ఒప్పుకున్న మాట తప్ప అన్నీ. 

మురళీమోహన్ కాగితం రెండుసార్లు చదివాడు. లోపల బంట్రోతు ఏడో నంబరు పిలుస్తున్నాడు.

"సంతకం నాదే" అన్నాడు చివరికి. "ఇది ఇస్తే జడ్జిగారు వాయిదా ఇస్తారు. చట్టప్రకారం తప్పేం లేదు."

"లేదు బాబూ."

"ఇస్తే గెలుస్తానా?"

"గెలుస్తారు. ఆ ఊరొక్కటీ వస్తే చాలు."

ఆయన కాగితాన్ని చించలేదు. కోప్పడలేదు. వేపచెట్టు వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. తిరుమలరావు ఆయన ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది. ఆయనకి గెలవాలని ఉంది. ఎంతగా ఉందంటే, పెదవులు బిగబట్టుకుంటున్నాడు.

ఎనిమిదో నంబరు పిలిచారు.

మురళీమోహన్ నడుచుకుంటూ పెద్దతల్లి దగ్గరికి వెళ్ళాడు. తిరుమలరావు వెనకే వెళ్ళాడు.

"పెద్దతల్లీ, కేసు నీది. కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఆరు వారాలు ఆగుదామా? ఆగితే నాకు మీ ఊరి ఓట్లు పడతాయట. కేసు తీసేస్తే నీ వెలి తీసేస్తారట."

ఆమె ఆయన్నీ, తిరుమలరావునీ, చెట్టు కింద పెద్దల్నీ చూసింది.

"ఆరు వారాలకి సేపలేట నిసేదం వచ్చేత్తాది. ఆ పైన రెండు నెలలు. పడవ ఎండి పగుళ్ళిచ్చేత్తాది బాబూ." చెంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ అంది. "అయినా నీకు ఓట్లు గావాలంటే తీసుకో. నువ్వు గెలిత్తే మాలాంటోళ్ళకి మంచిదే. నానేటీ అనుకోను."

ఆ మాటకి మురళీమోహన్ తల దించుకున్నాడు. తల ఎత్తాక కాగితాన్ని తిరుమలరావుకి ఇచ్చేశాడు.

"రాసింది కొట్టెయ్. ఈవిడ మాట ఈరోజే రాయిద్దాం. సాక్షి లేకపోతే లేకపోయాడు, ఈవిడ మాట ఒక్కటైనా కాగితం మీద ఉంటుంది."

తొమ్మిదో నంబరు పిలిచారు.

తిరుమలరావు కాగితాన్ని మడిచి సంచిలో పెట్టాడు. "సాక్షి ఉన్నాడు బాబూ."

"ఎవరు?"

"నానే." ఎప్పుడూ కోర్టు భాషలో మాట్లాడే మనిషికి ఆ క్షణంలో తల్లి నేర్పిన మాటే వచ్చింది. "నానే ఏసినాను ఎలి అని పైడిరాజు నాతో సెప్పినాడు. అందరి ముందూ సెప్పినాడు. ఆటో సంగతీ, పడవ సంగతీ అన్నీ."

 ఆ ఒక్క వాక్యంతో కేసు నిలబడుతుందని ఇద్దరికీ తెలుసు. ఓట్లు పోయే సంగతీ తెలుసు. ఇద్దరిలో ఒకరికి మాత్రం ఒట్టు తప్పే భయం కూడా ఉంది.

"నేను నిన్ను పిలవను" అన్నాడు ఆయన. "నువ్వు ఒట్టు నమ్ముతావు. నేను నమ్మను. నమ్మనివాడు నమ్మేవాణ్ణి ఒట్టు తెగ్గొట్టమని అడగకూడదు. నువ్వు రాకపోయినా రేపు నీ బల్ల నీదే, నీ పటం నీదే."

"పిలవమని నేనే అడిగితే?"

"నువ్వే అడిగితే పిలుస్తాను."

పదో నంబరు తొందరగా అయిపోయింది. తిరుమలరావు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అమ్మా, నీ ముందు పెట్టిన ఒట్టు ఇది. నాది కాని మాటని నీ దగ్గర తాకట్టు పెట్టాను. ఒట్టు తప్పితే పాపమా, ఒట్టు నిలబెడితే పాపమా? చెప్పు.  చేపలబుట్ట నీచువాసన మాత్రం వచ్చింది.

"పదకొండు!"

పెద్దతల్లి వాంగ్మూలం ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె గొంతు వీధుల్లో ఉన్నట్టు లేదు. మెజిస్ట్రేటు రెండుసార్లు గట్టిగా చెప్పమన్నారు. అయిపోయాక ఆవిడ తల ఎత్తి, "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు. మురళీమోహన్ వెనక్కి తిరగలేదు. కాగితాలు సర్దుతూ నిలబడ్డాడు.

తిరుమలరావు చెయ్యెత్తాడు. "పిలవండి బాబూ."

బోనులో నిలబడితే హాలు వేరేలా ఉంది. కిటికీలోంచి పైడిరాజు ముఖం కనిపిస్తోంది. బెంచి గుమస్తా, రోజూ టీ తాగే స్నేహితుడే, ఆశ్చర్యంగా చూసి ప్రమాణం చెప్పించాడు. దేవుని ఎదుట ప్రమాణం చేసి నిజమే చెబుతాను. సాక్షులు ఆ మాటల్ని అప్పజెప్పేసి పోవడం తిరుమలరావు వేలసార్లు విన్నాడు. ఇప్పుడు ఒక్కో మాటా బరువుగా ఎత్తి పెట్టాడు.

పైడిరాజు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. ఒకటి పెంచలేదు, ఒకటి తగ్గించలేదు. కిటికీ అవతల ఎవరో, "ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అన్నారు. బంట్రోతు సైలెన్స్ అని అరిచాడు.

"మీతో ఆయన ఇదంతా ఎందుకు చెప్పాడు?" అని మెజిస్ట్రేటు అడిగారు.

"నా చేత ఒట్టు పెట్టించడానికమ్మా. ఈ కేసు నడవదని నిన్న గంగమ్మ తల్లి ముందు కర్పూరం ఆర్పినాను. ఈరోజు తప్పినాను." కన్నీళ్ళు వస్తాయనుకున్నాడు, రాలేదు. "అది కూడా రాసుకోండమ్మా. వాళ్ళ తప్పు రాసి నా తప్పు వదిలెయ్యడం న్యాయం కాదు."

ఆవిడ ఒక క్షణం అతన్ని చూసి, రాసుకోమని స్టెనోకి చెప్పారు.

మధ్యాహ్నానికి ఐదుగురు పెద్దలకీ నోటీసు ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. బయట మెట్ల దగ్గర పైడిరాజు దారికి అడ్డంగా నిలబడ్డాడు. అరవలేదు. అరిస్తే బాగుండును.

"నీ బాబుని నువ్వే ముంచీసినావు తిరుమలా. పోలింగు నాడు బూతులో లెక్కెట్టుకో. ఇక తల్లి సంగతంటావా, అది నీకూ తల్లికీ మధ్య. నానేటీ అనను."

"అనొద్దు" అన్నాడు తిరుమలరావు. "నిన్న కూడా మా మధ్యకి రాకుండా ఉండవలసింది."

పైడిరాజు కళ్ళు చిట్లించి చూసి తప్పుకున్నాడు.

మురళీమోహన్ కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. వెనక సీట్లో పెద్దతల్లి, ఆమె ఒళ్ళో బుట్ట.

"ఎక్కు. ఈవిడని దింపాలి. ఎలాగూ వెళ్తున్నాం గనుక డొంకలరేవులో ప్రచారం కూడా కానిచ్చేద్దాం."

"ఇంకా ఆ ఊళ్ళో ప్రచారమేటి బాబూ? మనల్ని గుమ్మం ఎక్కనిత్తారా?"

"ఎక్కనివ్వరు. అడగడం మన పని" అన్నాడు మురళీమోహన్. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. ప్రచారం వల్ల కావచ్చు.

కారు ఊళ్ళోకి వెళ్ళేసరికి కబురు ముందే చేరిపోయింది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలెత్తుకుని ఇళ్ళల్లోకి పోయారు. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పెద్దతల్లి తన ఇంటి దగ్గర దిగిపోయింది. గుడి ముందు ఎవరూ లేరు. తిరుమలరావు దిగి, చెప్పులు విడిచి, మెట్టు దాకా వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. కానీ దేనికి క్షమించమనాలో తేల్చుకోలేకపోయాడు, ఒట్టు తప్పినందుకా, అసలు పెట్టినందుకా. రెండూ ఆవిడకే వదిలేసి దణ్ణం పెట్టాడు.

వెనక్కి తిరిగి చూస్తే మురళీమోహన్ అప్పటికే మొదటి ఇంటి ముందున్నాడు. మూసిన తలుపుకి చేతులు జోడించి, లోపలి వాళ్ళకి వినపడేలా తన పేరూ గుర్తూ చెబుతున్నాడు.  రెండో ఇంటికి నడిచాడు.

తిరుమలరావు సంచిలోంచి కరపత్రాల కట్ట తీసి, పరుగులాంటి నడకతో వెళ్ళి ఆయన్ని కలుసుకున్నాడు. మొదటి తలుపు కింద ఒకటి దూర్చాడు. రెండో తలుపు కింద ఇంకొకటి. ఆ వీధిలో తొంభై గుమ్మాలున్నాయి.